ఓటీపీ ఎవరి ఫోన్‌కి వెళ్తోంది?

ఇవాళ సాయంత్రం క్లాసులో ఆన్‌లైన్ ఫారం నింపడం నేర్పించాను. వచ్చేవాళ్లంతా ఇళ్లలో పాచిపనికో, కూలికో వెళ్లే ఆడవాళ్లు. పొద్దంతా కష్టపడి, ఒంట్లో ఓపిక లేకపోయినా వస్తారు.

ఒకావిడ పేరు, పుట్టిన తేదీ, చిరునామా అన్నీ తప్పుల్లేకుండా నింపేసింది. చివర్లో ఓటీపీ పంపామని వచ్చింది. తన చేతిలో ఉన్నది కూతురి పాత ఫోన్, ఫారంలో ఇచ్చిన నంబరేమో భర్తది. ఆయన పనిలో ఉండి ఎత్తలేదు. గడువు దాటిపోయింది. మళ్లీ పంపమని నొక్కింది, అదీ దాటిపోయింది. "ఇంటికెళ్లి అడిగితే ఎందుకు, ఏమిటని వంద ప్రశ్నలు వేస్తాడక్కా" అంది.

ఆడవాళ్లకి టెక్నాలజీ అంటే భయం అని తేలిగ్గా అనేస్తుంటారు. ఆ మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది. ఈవిడకి భయం ఎక్కడుంది? పని వచ్చు, నంబరే తనది కాదు. డబ్బు విషయమైనా, డాక్టరుని అడగాల్సిన మాటైనా ఇంకొకరి ఫోన్ మీదుగానే పోవాలి. అందరూ చూసే ఫోన్‌లో తన ఒంటి సంగతి ఏ ఆడమనిషి వెతుక్కుంటుంది?

సొంత ఫోన్ ఉన్న పెద్దావిడకి ఇంకో తిప్పలు. వేలిముద్రతో లాక్ పెడదామంటే ఫోన్ తీసుకోదు. ఏళ్ల తరబడి అంట్లు తోమి, బట్టలుతికి బొటనవేలి గీతలు అరిగిపోయాయి. మురికేమో అనుకుని పాపం ప్రతిసారీ వేలు తుడుచుకుని మళ్లీ పెడుతోంది. చివరికి ఆవిడకి గుర్తుండే అంకెలతో పిన్ పెట్టుకోమన్నాను. రెండుసార్లు తనే తెరిచి చూసుకుంది.

2024లో ప్రపంచవ్యాప్తంగా మగవాళ్లలో 70 శాతం, ఆడవాళ్లలో 65 శాతం ఇంటర్నెట్ వాడారని అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ యూనియన్ లెక్క. పెద్ద తేడా కాదనిపిస్తుంది. కానీ బాగా వెనకబడిన దేశాల వరకే చూస్తే మగవాళ్లు 41, ఆడవాళ్లు 29. పైగా ఓటీపీ కోసం ఎదురుచూసిన ఈవిడ కూడా లెక్కలో 'వాడేవాళ్ల'లోకే వస్తుంది. 2015లో ఐక్యరాజ్యసమితి పెట్టుకున్న సుస్థిర అభివృద్ధి లక్ష్యాల్లో, సొంత మొబైల్ ఎంతమందికి ఉందో ఆడా మగా విడివిడిగా చూసే సూచిక ఒకటుంది. నాకు ఆ ప్రశ్నే సరైనదనిపిస్తుంది. ఇంట్లో ఫోన్ ఉందా అని అడిగితే అందరూ ఉందనే చెప్తారు.

వచ్చే క్లాసుకి యాప్‌ల పాఠం పక్కన పెట్టేశాను. ముందు ఎవరి సిమ్ ఎవరి పేరు మీద ఉంది, బ్యాంకు ఖాతాకి ఎవరి నంబరు ఇచ్చారు, దాన్ని మార్చుకోవాలంటే ఏ కాగితాలు కావాలి, ఆ కాగితాలు ఇంట్లో ఎవరి దగ్గరున్నాయి, ఇవన్నీ ఒక్కొక్కరితో కూర్చుని చూడాలి. ఓటీపీ ఎవరికీ చెప్పకూడదన్న పాఠం ఆ తర్వాత. నంబరు భర్తదైనప్పుడు ఆ జాగ్రత్త ఈవిడకెలా చెప్పాలో కూడా ఆలోచించుకోవాలి.