లేని తాడుతో తాడులాట

మా కావలిలో నాటక పరిషత్తు పోటీలకని సాయంత్రాలు రిహార్సల్ చేస్తా ఉండాం. తండ్రి వేషం వేసే అన్న పగలు ఎరువుల కొట్లో లెక్కలు రాస్తాడు, గొంతు బంగారం, కానీ డైలాగు ఎత్తుకోంగానే చెయ్యి గుండె మీదకి పోద్ది, దగ్గు వచ్చేస్తది, కళ్లేమో బాగుందా అని నావైపు చూస్తాయి. నేను ఇంకాస్త ఫీలవ్వన్నా అంటా, ఆయన ఇంకాస్త దగ్గుతాడు. పది రోజులు ఇదే.

అప్పుడు వయోలా స్పోలిన్ ఆటలు గుర్తొచ్చాయి. ఈమె చికాగో ఆవిడ, నేవా బాయిడ్ అనే టీచరు దగ్గర ఆటలతో పిల్లలకి నేర్పించడం చూసింది, 1939 నుంచి అక్కడి సర్కారు ఉపాధి పథకంలో (మన ఉపాధి హామీ లాంటిదే అనుకోండి, కాకపోతే నాటకాలోళ్లకి కూడా పని ఇచ్చారు) వలస కుటుంబాల పిల్లకాయలతో నాటకాలు ఆడించింది. వాళ్లకి నటన గురించి లెక్చర్ ఇస్తే ఏం ఎక్కుద్ది? అందుకని ఒక్కో ఇబ్బందికి ఒక్కో ఆట కట్టింది. ఆటలో ఏదో ఒక పని మీద ధ్యాస ఉంటే నటించాలనే భయం దానంతటదే పోద్ది, ఇదీ ఆమె కిటుకు. 1963లో అవన్నీ పుస్తకంగా వేసింది. కొడుకు పాల్ సిల్స్ అవే ఆటల్ని పట్టుకుని 1959లోనే సెకండ్ సిటీ అని, అప్పటికప్పుడు కల్పించి నవ్వించే చికాగో నాటక బృందం మొదలెట్టినోళ్లలో ఒకడయ్యాడు.

మన కేతిగాడు తోలుబొమ్మలాటలో ఊరి సంగతులన్నీ అప్పటికప్పుడు కలిపేవాడు కదా, ఇందులో కొత్తేముంది అంటారు కొందరు. నిజమే, కానీ వాడిది జనానికి చూపించే విద్య, ఈమెది నటుణ్ణి తయారుచేసే విద్య, రెండూ ఒకే గాటన కట్టడం నాకు ఒప్పదు.

సరే, తండ్రీకొడుకుల్ని ఎదురెదురుగా నిలబెట్టి లేని తాడు లాగమన్నా. "ఇదేం పిల్లకాయల ఆట అబ్బయా" అన్నాడు అన్న. మొదట తాడు రబ్బరులాగా సాగింది, ఒకడు వెనక్కి పడితే ఇంకొకడు కదల్లా. ఆట ఆపకుండా పక్కనుంచి "తాడు ఒక్కటే, సాగతా ఉంది చూడు" అని అరుస్తా ఉండా, స్పోలిన్ కూడా అట్టానే పక్కనుంచి చెప్పేది. కాసేపటికి ఒకరి ఊపు ఇంకొకరికి అందింది. అట్టానే లాగతా డైలాగులు చెప్పమన్నా. రెండు చేతులూ తాడుకే సరిపోయాయి, గుండె మీదకి పోను ఖాళీ యాడుంది, దగ్గు లేదు, నావైపు చూపు లేదు. ఇల్లు అమ్మే సీన్‌లో ఆయన "అమ్మనురా" అంటే నా ఒళ్లు జలదరించింది.

లండన్‌లో కీత్ జాన్‌స్టన్ అనే నాటకాల టీచరు కట్టిన పైచేయి ఆటలు (ఇద్దరిలో ఎవరు ఎక్కువ, ఎవరు తక్కువ అని ఆడేవి) సర్పంచి సీన్ కోసం దాచుకునుండా. ఇప్పుడు రోజూ ముందు తాడే. నిన్న టీ తెచ్చిన కుర్రోడు గ్లాసులు పట్టుకుని, వంగి, తాడు కిందనుంచి దూరిపొయ్యాడు.