బెల్టు చివర మట్టి మరక

సీటు బెల్టు పూర్తిగా బయటికి గుంజితే చివర జానెడు మేర మట్టి మరక. బయట చూస్తే అద్దంలా పాలిష్, లోపల కొత్త సీటు కవర్లు. వరంగల్ హంటర్ రోడ్డు మీద ఇయ్యాల కొందామని చూసిన పాత డీజిల్ కారు సంగతి.

2023 జూలై వరదలల్ల ఇక్కడ ఎన్ని బండ్లు మునిగినయో మనకు ఎరుకే. సీట్లు కడుగుతరు, కార్పెట్ మారుస్తరు గానీ, బెల్టు లోపలి చుట్టను ఎవ్వరూ ముట్టరు. సీటు కింది బోల్టులు, స్టెప్నీ గుంట కూడా చూడున్రి. తుప్పు, ఒండ్రు అక్కడ దాక్కుంటయి. నీళ్లు తాగిన వైరింగ్ వెంటనే పోదు, ఆర్నెల్లకు కనెక్టర్లు పచ్చబడి ఒక్కొక్కటే సతాయిస్తది.

ఇంకోటి, పోంగనే బానెట్ మీద చెయ్యి పెట్టున్రి. వెచ్చగ ఉంటే మీరు రాకముందే స్టార్ట్ చేసిన్రన్నట్టు. చల్లారినంక మళ్లీ పోవుడే మంచిది, చల్లటి ఇంజన్ అబద్ధమాడదు. నీలం పొగ వస్తే ఆయిల్ కాలుతున్నది. తెల్లపొగ వేడెక్కినా ఆగకపోతే, ఆయిల్ మూత కింద మీగడ లాంటిది కనబడితే, హెడ్ గాస్కెట్ (ఇంజన్ హెడ్ కింది సీలు) మీద అనుమానం పెట్టుకోవాలె.

టైరు మీద 2319 అని ఉంటే 2019ల 23వ వారం తయారీ. మీటర్ల ముప్పై వేల కిలోమీటర్లే ఉండి పెడల్ రబ్బర్లు నున్నగ అరిగితే, ఆ మీటర్ను నమ్మకున్రి.

ఆర్సీ మీద ఫైనాన్స్ పేరుంటే బ్యాంకు ఎన్‌ఓసీ, ఫైనాన్స్ పేరు తీసేసే ఫారం 35 చేతికి రాకుండ బయానా ఇయ్యకున్రి.

అమ్మేటాయనను ఆ బెల్టు మరక గురించి అడిగితే "వానకు కిటికీ తీసి ఉండె సార్" అన్నడు. కిటికీల నుంచి పడ్డ వాన బెల్టు చుట్టలకు ఒండ్రు ఎట్ల తెస్తదో!