తొలి తల స్కానుతో అయిపోలేదు

మా పాప 2023లో 29వ వారానికే పుట్టింది. మాది కందుకూరు, కాన్పు ఒంగోలులో. నొప్పులు ఆగవని తేలగానే బిడ్డ ఊపిరితిత్తుల కోసం స్టెరాయిడ్ ఇంజెక్షన్, మెదడు రక్షణ కోసం మెగ్నీషియం సల్ఫేట్ ఇచ్చారు. ఆ రెండోది ఎక్కుతుంటే ఒళ్ళంతా సెగలు.

నెలలు నిండని బిడ్డకు మెదడులోని ద్రవపు గదుల పక్కన ఉండే రక్తనాళాలు చాలా పెళుసు. రక్తపోటు కాస్త అటూఇటూ అయినా చిట్లుతాయి, అదీ ఎక్కువగా తొలి మూడు రోజుల్లోనే. ఈ మాట డాక్టరు నోట విన్నాకే మా అత్తయ్య, నేను మెట్లు ఎక్కి దిగడం వల్లే ఇదంతా అనడం మానేసింది. మాడు ఇంకా పూడదు కాబట్టి దాని మీదే జెల్ రాసి, ఇంక్యుబేటర్ దగ్గరే స్కాన్ చేశారు. రక్తస్రావం రెండో గ్రేడు అన్నారు: గదుల్లోకి రక్తం చేరింది కానీ అవి ఉబ్బలేదు. మూడులో ఉబ్బుతాయి, నాలుగులో మెదడు కణజాలమే దెబ్బతింటుంది. మేం ఊపిరి పీల్చుకున్నాం.

నెల తర్వాతి స్కానులో అసలు సంగతి బయటపడింది. రక్తం కరిగిపోయింది గానీ, గదుల పక్కన చిన్న చిన్న నీటి తిత్తులు కనిపించాయి. దెబ్బ తగిలిన కొన్ని వారాలకు గానీ అవి ఏర్పడవట. తొలి స్కాను ఫర్వాలేదని రెండోది మానుకునే వాళ్ళను తలచుకుంటే నాకు ఇప్పటికీ భయమే. కాళ్ళను కదిలించే నరాల దారి సరిగ్గా ఆ తిత్తులున్న చోటినుంచే పోతుంది. "నడుస్తుందా డాక్టరుగారూ?" అని అడిగితే, "స్కాను చూసి చెప్పలేనమ్మా, పాపను చూస్తూ చెప్పాలి" అన్నారు. అప్పుడు ఒళ్ళు మండింది. అంతకంటే నిజాయితీగల జవాబు లేదని ఇప్పుడు అనుకుంటాను.

ఇంట్లో గొడవంతా వయసు లెక్క దగ్గరే. రెండేళ్ళ దాకా పుట్టిన తేదీ నుంచి కాదు, కాన్పు కావలసిన తేదీ నుంచి లెక్కించాలి. పక్కింటి పిల్లాడితో పోల్చే వాళ్ళందరికీ ఆ పదకొండు వారాలు తీసివేసి చూపించేదాన్ని. ఆ లెక్కలో చూసినా నాలుగు నెలలు దాటాక పిడికిళ్ళు విప్పలేదు, గుడ్డ మారుస్తుంటే కాళ్ళు బిగుసుకుని ఒకదానిమీదొకటి పడేవి. "వాళ్ళ నాన్నా ఆలస్యంగానే నడిచాడులే" అంది అత్తయ్య. జబ్బుకు పేరు పెట్టేదాకా ఆగకుండా ఫిజియోథెరపీ మొదలుపెట్టించారు డాక్టరు.

2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం అనే ప్రభుత్వ పిల్లల ఆరోగ్య పథకం కింద, జిల్లా స్థాయి చికిత్స కేంద్రాల్లో ఈ వైద్యం ఉచితం. అప్పటికి కందుకూరు నెల్లూరు జిల్లాలో ఉండేది. అందుకని దగ్గరున్నా వేరే జిల్లాదైన ఒంగోలును వదిలి, సింగరాయకొండలో రైలెక్కి నెల్లూరు పోవాలి. చంటిపిల్లతో వంద కిలోమీటర్ల పైమాటే! అందుకే వాళ్ళు నేర్పిన పనే ఇంట్లో ఎక్కువగా చేయించాను. మనం కాళ్ళు పట్టుకుని ఆడించడం కాదు, పాపే కదలాలి. బోర్లా పడుకోబెట్టి, బొమ్మను చేతికి కాస్త అందనంత దూరంలో పెట్టాలి. చక్రాల వాకర్ వద్దన్నారు, అందులో మునివేళ్ళ మీద నిలబడటం అలవాటవుతుంది. నూనె రాసి గట్టిగా లాగి రుద్దితే బిగుతు పోతుందనుకోవడం ఉత్త భ్రమ.

ఇప్పుడు మాటల్లో ఎవరికీ తీసిపోదు. కాళ్ళకు స్ప్లింట్లు (ఆసరా పట్టీలు) వేసుకుని గోడ పట్టుకుని నడుస్తుంది. బిగుతు వల్ల తుంటి కీలు పక్కకు జరిగే ప్రమాదం ఉందని మధ్యమధ్యలో ఎక్స్‌రే తీయించమన్నారు. తర్వాతిది సంక్రాంతి వెళ్ళాక.