వడిసెల ముడి

తెలంగాణ సాయుధ పోరాటంలో ఆడవాళ్ళ సంగతులు వెతుక్కుంటూ బయలుదేరి, జనగామలో బస్సు మారి కడవెండిలో దిగేసరికి ఎండ నెత్తికెక్కింది. 1946 జూలై 4న ఊరేగింపుగా కదిలిన సంఘం వాళ్ళ మీద, అంటే దొరలకు ఎదురు నిలిచిన ఆంధ్ర మహాసభ వాళ్ళ మీద, విసునూరు దొర మనుషులు తుపాకులు పేల్చిన ఊరు ఇది. దొడ్డి కొమరయ్య ఇక్కడే నేలకొరిగాడు. ఇక్కడి గడీలో ఉండి పెత్తనం చేసింది దొర తల్లి జానమ్మ. దొరసాని కూడా ఆడదే కదా అని వెట్టి చేసిన ఆడవాళ్ళకు ఒరిగిందేమీ లేదు.

అక్కడి నుంచి పాలకుర్తి వెళ్ళాను, చిట్యాల ఐలమ్మ కోసం. మల్లంపల్లి దొర భూమి కౌలుకు తీసుకుని ఆమె పండించిన పంటను విసునూరు దొర మనుషులు కోసుకుపోవడానికి వస్తే, సంఘం అండతో గింజలు ఇంటికి చేర్చుకుంది. ఆమె ధైర్యం గురించి బళ్ళోనే విన్నాను. నన్ను ఎక్కువగా కదిలించేది మాత్రం దానికి ముందు సంగతి. ఊరి బట్టలుతికే ఇంటి మనిషి సేద్యం చేయాలనుకోవడమే దొర కళ్ళల్లో నిప్పులు పోసి ఉంటుంది.

విగ్రహం దగ్గర చెట్టు నీడన ఒక పెద్దమ్మ కూర్చుని ఉంది. ఎందుకొచ్చానో చెప్పాను.

"మా అమ్మమ్మ సుత సంగంల పనిచేసింది బిడ్డా" అంది. కొంగు కొసను వేలికి ముడేసి, మధ్యలో చిన్న గుంటలా మడిచి, రాయి పెట్టినట్టు చూపించింది. "గిట్ల గిరగిర తిప్పి ఒక కొస ఇడువాలె." వడిసెల! రోకళ్ళు, కారంపొడితో పాటు ఆ రోజుల్లో ఆడవాళ్ళ ఆయుధం. దళాలకు సద్ది, చిట్టీలు మోసింది కూడా వాళ్ళే. తుపాకి పట్టిన వాళ్ళూ ఉన్నారు. మల్లు స్వరాజ్యం ఇరవై ఏళ్ళు నిండకముందే దళంలో రాజక్క అయింది, ఆమె తల మీద 10,000 రూపాయల వెల కట్టారు.

1951 అక్టోబరులో పోరాటం ఆపేశాక ఏం జరిగిందన్నదే నాకు మింగుడుపడదు. స్వరాజ్యం 1978లో తుంగతుర్తి నుంచి ఎమ్మెల్యే అయింది. అలా పైకి వచ్చినవాళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టేంత మందే. అడవుల్లో రాత్రిళ్ళు కాపలా కాసిన చాలామందిని మళ్ళీ ఇల్లూ పొయ్యీ చూసుకోమన్నారు. 1980ల్లో స్త్రీశక్తి సంఘటన అనే మహిళల బృందం వాళ్ళు వెళ్ళి అడిగేదాకా వాళ్ళ గోడు విన్నవాళ్ళే తక్కువ.

"మీ అమ్మమ్మకు సమరయోధుల పింఛను వచ్చిందా పెద్దమ్మా?" అని అడిగాను.

"తాతకు జైలు కాయితం ఉండె, అచ్చింది. సద్ది మోసినదానికి కాయితం ఎవరిస్తరు బిడ్డా?"

కొంగు ముడి ఇంకా ఆమె వేలికే ఉంది.