ఇంటి విత్తనం అమ్మితే నేరమా?

గత వేసవిలో పలమనేరు దగ్గర ఉన్న మా ఊరికి వెళ్లినప్పుడు, వరసకు మామ అయ్యే రైతు ఒకరు నన్ను పక్కకు పిలిచి, "ఏం అల్లుడా, విత్తన చెనక్కాయలు పక్కింటోళ్లకు అమ్మితే కేసు పెడతారంట గదా?" అని అడిగారు. టౌనులో ఏదో విత్తనాల అంగడిలో అలా చెప్పారట. అప్పటికి ఆయన వసారాలో ఎనిమిది గోతాల కాయలు పేర్చి ఉన్నాయి.

చట్టం చెప్పేది వేరు. 1966 నాటి విత్తనాల చట్టం 24వ సెక్షన్ ప్రకారం, తాను పండించిన విత్తనాన్ని తన ఇంటి దగ్గరే, విత్తుకునేవారికి నేరుగా అమ్మే రైతుకు ఆ చట్టం వర్తించదు. 2001 నాటి మొక్కల రకాల పరిరక్షణ, రైతుల హక్కుల చట్టమైతే 39వ సెక్షన్‌లో, కంపెనీ పేరున నమోదైన రకమైనా సరే, రైతు దాన్ని దాచుకోవచ్చు, మళ్లీ విత్తుకోవచ్చు, ఇచ్చిపుచ్చుకోవచ్చు, అమ్ముకోవచ్చు అంటుంది. ఆ రకం పేరు తెలిపే లేబుల్ అంటించి సంచుల్లో అమ్మడానికి మాత్రం వీల్లేదు. ఇంత స్పష్టంగా రాసి ఉన్నా, 2019లో గుజరాత్‌లో ఒక బహుళజాతి కంపెనీ బంగాళాదుంప రైతుల మీద కోటి రూపాయలకు పైగా పరిహారం కోరుతూ కోర్టుకెక్కి, నిరసనలు పెరిగాక వెనక్కి తగ్గింది. కాబట్టి మామ భయాన్ని నవ్వి కొట్టిపారేయలేకపోయాను.

వేరుశనగ తన పువ్వులోనే తాను పరాగసంపర్కం జరుపుకునే పంట కనుక, హైబ్రిడ్ మొక్కజొన్నలా కాకుండా, ఇంట్లో దాచిన విత్తనం రకం గుణాన్ని ఏళ్ల తరబడి నిలుపుకుంటుంది. పైగా ఎకరాకు 60 కిలోలకు పైగా పప్పు కావాలి. ఏటా అంత కొనమంటే వానను నమ్ముకున్న మెట్ట రైతు అప్పుతోనే దుక్కి మొదలుపెట్టాలి. సబ్సిడీ విత్తనం వద్దని నేననను, కానీ అది వస్తుందని ఇంటి కాయలన్నీ మిల్లుకు తోలేసిన ఇంటికి ఈ హక్కు కాగితం మీదే మిగులుతుంది.

మామ తోలేయలేదు. పప్పుగా ఉంచితే మొలక చెడుతుందని కాయలుగానే దాచి, విత్తే ముందే ఒలుస్తారు. నేనున్న వారంలోనే వంద గింజలు తడి గోనెలో చుట్టి, అయిదో రోజు విప్పి నా ముందే లెక్కపెట్టారు: 84 మొలిచాయి. ధ్రువీకరణ విత్తనానికి కావలసింది 70 శాతమే.

సెక్షన్లు చదివి వినిపించాక ఆయన కాసేపు ఆలోచించి, గోతాలకు కట్టిన, బొగ్గుతో రకం పేరు రాసుకున్న అట్టముక్కలను ఒక్కొక్కటే విప్పేశారు. ఆ రకం నమోదైనదో కాదో చూసి చెబుతానన్నా ఆగలేదు.