అంకెలు వేసిన రాళ్లు

రాత్రి పదకొండు దాటింది. మధ్యాహ్నం భోజనాల దగ్గర బావగారు అన్న మాట మింగుడుపడక ఇలా కూర్చున్నాను. హైదరాబాద్‌లోని పైగా సమాధుల (నిజాం కాలపు 'పైగా' అనే ప్రభువుల వంశంవారి గోరీలు) మరమ్మతుకు అమెరికా ప్రభుత్వం 2023లో రెండున్నర లక్షల డాలర్లు ప్రకటించిన సంగతి నేనే ఎత్తాను. "ఇంత పెద్ద దేశం, మన గోరీలు బాగు చేసుకోనీకి అమెరికా పైసలు కావాల్నా? సిగ్గనిపిస్తలేదా?" అన్నారాయన, చారు కలుపుకుంటూ. అక్క ఎదురుగా ఉండటం వల్ల ఊరుకున్నాను.

బావగారు సంతోష్‌నగర్‌లో ఇరవై ఏళ్లుగా ఉంటున్నారు. ఆ సమాధులు వాళ్లింటికి బండి మీద పది నిమిషాల దూరం. ఆయన ఒక్కసారైనా ఆ గేటు దాటలేదు. పోయిన సంక్రాంతి సెలవుల్లో అక్క కూతురిని వెంటబెట్టుకుని నేనే వెళ్లాను. గచ్చుతో పోసిన తీగలూ పూలూ గోడ నిండా అల్లుకుని ఉన్నాయి, జాలీల గుండా పడిన ఎండ పాలరాతి మీద చుక్కల ముగ్గులా పరుచుకుని ఉంది. ఒక మూల అరచేతి వెడల్పున పెచ్చు ఊడి లోపలి పొర కనిపిస్తోంది. మొగలుల, పారశీకుల, రాజస్థానీల, దక్కనువారి పనితనం కలగలిసిన గోడ అది. దాన్ని చూడని మనిషికి సిగ్గు గురించి మాట్లాడే హక్కు ఎక్కడిదని సాయంత్రమంతా లోలోపల పోట్లాడుతూనే ఉన్నాను.

మనం మాత్రం ఇతరులకు చేయలేదా? 1986 నుంచి 1993 వరకు మన పురావస్తు శాఖవారు కంబోడియా వెళ్లి అంగ్‌కోర్ వాట్ గుడి మరమ్మతులో పనిచేశారు. వియత్నాంలోని మీసన్‌లో చామ్ రాజులు కట్టించిన శివాలయాలు 1969లో అమెరికా బాంబులకు దెబ్బతింటే, వాటిలో కొన్నింటిని ఇటీవల మనవాళ్లే బాగుచేశారు. చామ్ ప్రజలు ఇవాళ ఆ దేశంలో ఒక చిన్న జాతి. వాళ్లలో హిందువులూ ఉన్నారు, ముస్లింలూ ఉన్నారు. ఆ సాయం అందుకున్నందుకు వాళ్లు తలదించుకోవాలని నేనైతే అనుకోను.

ఇంతవరకు రాసేసరికి వేయిస్తంభాల గుడి గుర్తుకు వచ్చింది. కల్యాణ మండపాన్ని మరమ్మతు కోసం విప్పదీసిన కొత్తలో, ఆవరణలో రాళ్లన్నింటికీ రంగుతో అంకెలు వేసి పేర్చి ఉండేవి. నాన్న ప్రతి సోమవారం దర్శనం అయ్యాక వాటి మధ్య నడిచేవారు. ఒక స్తంభపు ముక్క మీద హంసల వరుస ఉండేది. వాన వెలిసిన రోజుల్లో ఆయన తువ్వాలుతో దాని మీది బురద తుడిచి, అంకె చెరిగిపోలేదు కదా అని వంగి చూసేవారు. కనిపించిన ప్రతి ఉద్యోగినీ ఆపి, "ఎప్పుడు నిలబెడతరు సార్?" అని అడిగేవారు. నిధులు రాలేదని ఒకరు, శిల్పులు దొరకలేదని ఇంకొకరు చెప్పేవారు. మండపం 2024లో శివరాత్రినాడు తెరిచారు. నాన్న అప్పటికి లేరు.

ఆలస్యమైనా అది మన ప్రభుత్వపు సొమ్ము కాబట్టే నాన్నకు నిలదీసే అధికారం ఉండేది. ఆ పైగా వంశపు సమాధుల పని రేపు మధ్యలో ఆగిపోతే సంతోష్‌నగర్ మనిషి ఎవరిని ఆపి అడగాలి? ఏ కట్టడానికి ఇవ్వాలో, ఎంత ఇవ్వాలో తేల్చేది దూరదేశంలో కూర్చున్నవాళ్లు. బావగారు సిగ్గు అన్నది దీన్నే కాకపోయినా, ఆయన మాటను పూర్తిగా కొట్టిపారేయడం ఇప్పుడు నా వల్ల కావడం లేదు. డబ్బు తీసుకోవద్దని మాత్రం అనలేను. ఆ పెచ్చు ఊడిన చోటు కళ్లముందే ఉంది.

ఇందాక అక్క ఫోన్ చేసి క్షేమంగా చేరామని చెప్పింది. వచ్చే ఆదివారం బావగారిని అక్కడికి తీసుకువెళ్లమన్నాను. పక్కనుంచి ఆయన ఏదో అన్నారు కానీ నాకు సరిగ్గా వినపడలేదు.