కత్తిపీట పని, నాలుగో వారం: అయస్కాంతం పట్టింది, పదును పట్టలేదు

దొరికింది! మూడు వారాలు ప్రాణం తోడేసిన రేకు గుట్టు ఆదివారం సాయంత్రం తేలింది. అది 420 రకం స్టెయిన్‌లెస్ స్టీలు కాదు, 430 రకం.

అమ్మకి తుప్పు పట్టని కత్తిపీట చేసిద్దామని పర్లాకిమిడిలో పాత ఇనుప కొట్లో 3 మి.మీ. రేకు కొన్నాను. 420 అన్నారు. అయస్కాంతం టక్కున అతుక్కుంది, నమ్మేశాను. పనస చెక్క పీట పూర్తయింది, కొబ్బరి కోరు కూడా బాగా కుదిరింది. అలక అంతా రేకుదే.

ఎంత వేడికి గట్టిపడుతుందో చూద్దామని రేకులోంచి 2 సెం.మీ. ముక్కలు కోసి విడివిడిగా కాల్చాను. మొదటిది 1000 డిగ్రీల దగ్గర 10 నిమిషాలు, రెండోది 1030 దగ్గర 15, మూడోది 1060 దగ్గర 20. మూడూ గోరువెచ్చని వేరుశనగ నూనెలో ముంచాను. గట్టితనం చూసే ఆకురాళ్ల సెట్టులో అన్నిటికన్నా మెత్తనిది 40 హెచ్‌ఆర్‌సీది (హెచ్‌ఆర్‌సీ అంటే ఉక్కు గట్టితనం కొలత). అదే మూడింటి మీదా గీత పెట్టేసింది, అంటే మూడూ దానికన్నా మెత్తన.

ముందు కొలిమి మీటర్ని అనుమానించాను. చిన్న మూసలో వంటుప్పు పోసి పెడితే మీటరు 804 చూపించేసరికి కరిగింది. ఉప్పు కరిగేది 801 దగ్గర, అంటే మీటరు తప్పు కాదు. పైపొరలో గట్టితనాన్నిచ్చే కార్బన్ కాలిపోయిందేమోనని ఒక్కో వైపు 0.3 మి.మీ. అరగదీశాను. లోపలా అంతే మెత్తన. నూనె చాల్లేదా అంటే, ఇంత పల్చటి 420 గాలిలో చల్లారినా గట్టిపడాలి.

మా వీధి చివర కమ్మరి తాతకి చూపిస్తే ముక్కని ఆకురాయితో ఒక్కసారి లాగి, “బొగ్గు లేని ఇనుముకి నీరేటి పడతాదిరా నాయనా?” అన్నాడు. బొగ్గంటే కార్బన్, అక్కడ వెలిగింది. టెస్ట్ సర్టిఫికెట్ ఉన్న 420 చిన్న ముక్క తెప్పించి, నా రేకు ముక్క పక్కనే పెట్టి 1030 దగ్గర 15 నిమిషాలు కాల్చాను. కొత్త ముక్క మీద 50 ఆకురాయి జారిపోయింది, 55 మాత్రమే గీసింది. నాది మళ్లీ 40కే లొంగింది. గ్రైండర్ మీద కూడా కొత్తదాని నిప్పురవ్వలు చివర్లో చిట్లాయి, నాదాని రవ్వలు పొట్టిగా, చిట్లకుండా ఆరిపోయాయి.

430లో క్రోమియం 16 నుంచి 18 శాతం, 420లో 12 నుంచి 14. ఎక్కువ క్రోమియం అంటే మంచి కత్తి అనుకునేవాణ్ని. కానీ అది తుప్పుని ఆపుతుంది, పదునుకి కార్బన్ కావాలి. 430లో కార్బన్ 0.12 శాతం దాటదు, కత్తులకి వాడే 420లో దాదాపు 0.3 ఉంటుంది. రెండింటికీ అయస్కాంతం అంటుకుంటుంది, అక్కడే మోసపోయాను. గిన్నెలకి వాడే 304 స్టీలుకి మామూలుగా అంటుకోదు గానీ, సాగదీసి నొక్కిన చోట కాస్త అంటుకుంటుంది. ఇంట్లో స్టీలు గ్లాసు అడుగంచు దగ్గర అయస్కాంతం పెట్టి చూడండి, మెల్లగా లాగుతుంది. కాబట్టి అయస్కాంతంతో గ్రేడు తేల్చకండి. దేశంలో క్రోమైట్‌లో (క్రోమియం తీసే ఖనిజం) సింహభాగం మన ఒడిశాలోని సుకింద లోయదే, ఇంత దగ్గరుండీ ఈ సంగతి ఇప్పుడే నేర్చుకున్నాను.

440సీ అనే ఇంకో రకం స్టీలు వాడమని ఒక మిత్రుడు గట్టిగా అంటున్నాడు. అందులో కార్బన్ దాదాపు 1 శాతం ఉంటుంది, పదును చాలాకాలం నిలుస్తుంది, నిజమే. కానీ అమ్మ పనసకాయ కోసేటప్పుడు రేకుని పక్కకి వంచుతుంది. పెళుసుదైతే అంచు చిట్లుతుంది, పైగా మా సాన రాయి మీద అది అరగడం కష్టం. నా ఓటు 420కే.

వచ్చే ఆదివారం సర్టిఫికెట్ ఉన్న 420 రేకు, 28 సెం.మీ. పొడవు, 6 వెడల్పు. అంచు 0.5 మి.మీ. మందం దగ్గరే ఆపి, ముందు కాల్చి, తర్వాత పెళుసు తగ్గేలా 200 డిగ్రీల దగ్గర రెండు గంటలు రెండుసార్లు పెడతాను. మిగిలిన 430తో గరిటెల స్టాండు చేస్తాను.